అమ్మాయి ఇంట్లో చెప్పకుండా కార్ట్ రేసింగ్ నేర్చుకుంది. నిజంగా టాలెంట్ ఉందో లేదో తండ్రికి తెలిసేదెలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అమ్మాయికి 13 ఏళ్ళు. పక్కటెముకల మీద కమిలిన మచ్చ చూసి వాళ్ళ నానమ్మ గట్టిగా అడిగితే, ఎనిమిది నెలలుగా మేనమామతో కలిసి కార్టింగ్ ట్రాక్‌కి (కార్ట్ అనే చిన్న, పైకప్పు లేని రేసు బండి నడిపే చోటికి) వెళ్తోందని బయటపడింది. ఇంట్లో ట్యూషన్ అని చెప్పింది. మీ ఆవిడకి మొదటి నుంచీ తెలుసు, మీకొక్కరికే తెలియదు. బావమరిదిని నిలదీస్తే "దాని టాలెంట్ మీకు కనబడదు బావా, అందుకే చెప్పలేదు" అన్నాడు. అక్కడి కోచ్ ఇలాంటి పిల్ల పదేళ్ళకొకరు వస్తారంటున్నాడు. ఆ మాట నమ్మొచ్చా, ఇప్పుడు ఆపెయ్యాలా, సాగనివ్వాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కోచ్ మాట ఇప్పుడే నమ్మకండి, కొట్టిపారెయ్యకండి కూడా. ఆపెయ్యకండి, కొత్తగా ఏమీ కొనకండి, మూడు నెలల పాటు ట్రాక్‌కి మీరే తీసుకెళ్ళండి. ఆ మూడు నెలల్లో మీ కళ్ళకే చాలా వరకు తెలిసిపోతుంది. ఎక్కడ నిలబడి ఏం చూడాలో కింద రాస్తాను.

నేను ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్ళు. మొదట్లో కార్ట్ మెకానిక్‌ని, తర్వాత పిల్లలకి కోచ్‌ని అయ్యాను. ఇప్పుడు ఎక్కువగా ల్యాప్ (ట్రాక్ మీద ఒక పూర్తి చుట్టు) డేటా చూసి ఎక్కడ టైమ్ పోతోందో చెప్పే పని చేస్తున్నాను. మీలాంటి నాన్నలు నా దగ్గరికి చాలామందే వచ్చారు. వాళ్ళలో సగం మంది కోపంగా, మిగతా సగం మంది ఆశగా వచ్చారు. ఇద్దరికీ నేను చెప్పే మొదటి మాట ఒకటే, ల్యాప్ టైమ్ కాగితం పక్కన పెట్టండి అని.

ఎందుకంటే ల్యాప్ టైమ్ అంత సులువుగా మోసం చేసేది ఇంకోటి లేదు. అద్దె కార్ట్‌లలో ఏ రెండూ ఒకేలా పరిగెత్తవు. ఒకదాని ఇంజిన్ కొత్తగా ఉంటుంది, ఇంకోదాని టైర్లు అరిగి ఉంటాయి. రోజూ వచ్చే పిల్లలకి ఏ నంబర్ బండి మంచిదో తెలిసిపోతుంది, వెళ్ళి అదే ఎక్కుతారు. దానికి బరువు తోడవుతుంది. కార్ట్‌లో ఇంజిన్ శక్తి తక్కువ కాబట్టి పది కిలోల తేడా కూడా నిమిషం పట్టే ల్యాప్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే అసలు పోటీల్లో డ్రైవర్‌తో కలిపి కనీస బరువు ఇంత ఉండాలని రూల్ పెడతారు, తక్కువున్నవాళ్ళ సీటుకి సీసం దిమ్మలు బిగిస్తారు. నా దగ్గరికి ఒక పదకొండేళ్ళ బాబు వచ్చాడు, వాళ్ళ ట్రాక్‌లో రికార్డ్ వాడిదే. తూచి, అందరితో సమానంగా బరువు బిగించి వదిలితే ఆరుగురిలో నాలుగో స్థానంలో ఆగాడు. బాబు తప్పేమీ లేదు. వాడికి అంతవరకు ఎవరూ నిజం చెప్పలేదు, అంతే.

మూడోది, ఒకే ట్రాక్. ఎనిమిది నెలలు ఒకే ట్రాక్ మీద తిరిగితే ఎవరికైనా ప్రతి మలుపూ నోటికొచ్చేస్తుంది. మీ అమ్మాయి మీద ఆ కోచ్‌కి ఉన్న అభిప్రాయం ఆ ఒక్క ట్రాక్ మీద ఏర్పడిందే అయితే, నేను దానికి సగం విలువే ఇస్తాను.

మరి ఏం చూడాలి?

ముందు వినండి. స్టాండ్‌లో కూర్చోకండి. ట్రాక్‌లో అన్నిటికన్నా నెమ్మదైన మలుపు ఎక్కడుందో కనుక్కుని, కంచె బయట, ఆ మలుపు ముగిసే చోట నిలబడండి. కళ్ళు మూసుకోండి. కార్ట్ వెనక ఇరుసు ఒకే కడ్డీ, రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే. కారులోలాగా లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగే ఏర్పాటు దానికి లేదు. అందుకే మలుపులో లోపలి వెనక చక్రం నేల నుంచి కొద్దిగా లేవాలి, లేచి సరిగ్గా సమయానికి దిగాలి. అది లేవకపోయినా, లేచినది మరీ ముందే దిగినా ఇంజిన్ గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. బాగా నడిపే పిల్లల ఇంజిన్ ఆ మలుపులో మూలగదు. శబ్దం కిందికి దిగి, ఎక్కడా తెగకుండా మళ్ళీ పైకి లేస్తుంది. పది కార్ట్‌లు వెళ్తే అందులో ఒకటి వేరుగా వినిపిస్తుంది. కళ్ళు తెరిచి అది ఎవరిదో చూడండి. కొత్తగా వచ్చిన పిల్లల విషయంలో నేను ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తాను, స్టాప్‌వాచ్ తర్వాతే తీస్తాను.

చేతులు చూడండి. స్టీరింగ్‌తో కుస్తీ పడుతూ చకచకా దిద్దుకుంటుంటే చూసేవాళ్ళకి భలే వేగంగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ప్రతి దిద్దుబాటుకీ ముందు టైర్లు నేలని గీరుకుని వేగం తినేస్తాయి. మంచి డ్రైవర్ చేతులు మలుపులో ఒకసారి తిరిగి, ఒకసారి విప్పుకుంటాయి. ఆ నెమ్మది చూసి "మా అమ్మాయి మెల్లగా వెళ్తోందేమిటి" అని మీరు నిరుత్సాహపడే ప్రమాదం ఉంది. పడకండి.

మొదటి రెండు ల్యాప్‌లు. ఇది అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టు ఉండదు. ఎంత పట్టు ఉందో ఎవరూ చెప్పరు, కూర్చున్న పిల్లే సీటు ద్వారా, నడుము ద్వారా కనుక్కోవాలి. నేర్చుకుని నడిపేవాళ్ళు నాలుగైదు ల్యాప్‌లు తడుముకుని, తర్వాత తమ వేగానికి వస్తారు. పుట్టుకతో ఆ స్పర్శ ఉన్నవాళ్ళు రెండో ల్యాప్‌కే ఆ చల్లటి టైర్లు ఇవ్వగలిగినంతా తీసుకుంటారు. చివరికి ఇద్దరి బెస్ట్ ల్యాప్ ఒకటే అయినా, వీళ్ళిద్దరూ ఒకటి కాదు.

వాన. వాన పడితే కారెక్కి ఇంటికి రాకండి, మీకు కావాల్సింది ఆ రోజే. పొడి రోజున అందరూ నడిపే దారి మీద టైర్ల రబ్బరు అంటుకుని పట్టు పెరుగుతుంది. తడిస్తే అదే రబ్బరు జారుడుబండ అవుతుంది. అప్పుడు మలుపులో ఇంకాస్త బయటికి, రోజూ ఎవరూ తిరగని చోటికి వెళ్తే పట్టు దొరుకుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. ఎవరూ చెప్పకుండానే రెండు మూడు ల్యాప్‌లలో చక్రాలతో వెతుక్కుంటూ అటు జరిగే పిల్లలు నాకు ఇన్నేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే కనిపించారు. వాళ్ళలో ఒక అమ్మాయి పొడి ట్రాక్ మీద ఎప్పుడూ మూడో స్థానమే. ఏ కోచ్ కంటికీ ఆనలేదు. ఒక సాయంత్రం వాన మొదలయ్యాక మిగతా పిల్లలు ఒక్కొక్కరే గిర్రున తిరిగి ఆగిపోతుంటే, ఆ పిల్ల ప్రతి ల్యాప్‌కీ ఒక అడుగు బయటికి జరుగుతూ పోయింది. దిగాక "అక్కడికెందుకు వెళ్ళావమ్మా" అని అడిగాను. "లోపల నేల నున్నగా మెరుస్తోంది సార్, బయట గరుగ్గా కనిపించింది" అంది. తనకి అది పెద్ద విషయం కాదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దిగాక ఏం చెబుతుంది. "ఎలా ఉంది?" అని మాత్రం అడగండి, తర్వాత మాట్లాడకండి. "సూపర్ నాన్నా" అంటే అది సరదా, అందులో తప్పు లేదు. "ఐదో మలుపులో ముందు భాగం తిరగట్లేదు, బ్రేక్ కాస్త ముందే వదిలేస్తే తిరుగుతోంది" అన్నదనుకోండి, నడుపుతూనే పక్కన కూర్చుని గమనించేంత తీరిక ఆ బుర్రలో మిగిలి ఉందన్నమాట. పెద్ద కార్లలోకి వెళ్ళాక ఇంజినీర్లకి కావాల్సింది ఇదే.

ఇంకో రెండు పనులు చెయ్యండి. ఆ కోచ్‌తో ఏ సంబంధమూ లేని వేరే కోచ్‌కి ఒక రోజు చూపించండి, తనకి తెలియని ట్రాక్ మీద, బరువు సమానం చేసిన కార్ట్‌లో. ఆ రోజు చివర్లో వరుసగా పది ల్యాప్‌ల టైమ్‌లు రాసి ఇమ్మనండి. నేను బెస్ట్ ల్యాప్ చూడను, పదింటి మధ్య తేడా చూస్తాను. అన్నీ రెండు పదో వంతుల సెకను లోపల ఉంటే, కొత్త ట్రాక్ మీద 13 ఏళ్ళ పిల్లకి అది చాలా గట్టి సంగతి.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన విషయానికి వస్తాను. "టాలెంట్ సంగతి తర్వాత, ముగ్గురూ కలిసి నన్ను వెధవని చేశారు" అన్నారు. ఆ బాధ న్యాయమైనదే. ఈ విషయంలో నేను మీ బావమరిది పక్షాన లేను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే తప్పు చేశాను.

పన్నెండేళ్ళ కిందటి మాట. ఒక అబ్బాయిని వాళ్ళ పెదనాన్న తీసుకొచ్చేవాడు. తండ్రికి తెలియదని నాకు తెలుసు. అనుమతి కాగితం మీద తండ్రి సంతకం ఉండాల్సిన చోట పెదనాన్న సంతకం ఉంది, అదీ నాకు తెలుసు. కుర్రాడు అంత బాగా నడిపేవాడు, అందుకని నోరు మూసుకున్నాను. ఒక ఆదివారం ఇంకో కార్ట్ చక్రం ఎక్కి బోల్తా పడ్డాడు. కార్ట్‌కి సీట్ బెల్ట్ ఉండదు, బోల్తా పడితే మనిషి బయటికి పడాలి, అలా పడటమే మేలు. పడ్డాడు, మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ఏ మందైనా పడదా అని. పెదనాన్నకి తెలియదు. నాకు తెలియదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లాడే, ఫలానా ఇంజెక్షన్‌కి చిన్నప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని అమ్మ చెప్పిందంటూ గుర్తు తెచ్చుకుని చెప్పాడు. వాడికి స్పృహ లేకపోయి ఉంటే? గంట తర్వాత వాళ్ళ నాన్న వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీలో ఉన్న హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పడ్డ గీతలు బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. అప్పటి నుంచి తల్లిదండ్రులిద్దరినీ ఎదురుగా చూడకుండా ఏ పిల్లనీ కార్ట్ ఎక్కించలేదు.

కాబట్టి ఈ మాట మీ ఆవిడకీ, బావమరిదికీ కూడా చూపించండి. రేసింగ్‌లో రహస్యం ప్రమాదం. బీమా చెల్లదు, సంతకం చెల్లదు, దెబ్బ తగిలిన నిమిషంలో పక్కనుండాల్సిన మనిషి పక్కన ఉండడు. మీ అమ్మాయి పక్కటెముకల మచ్చ సంగతే చూడండి. అది యాక్సిడెంట్ కాదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు సీటు అంచు ఒత్తుకుని వస్తుంది, దానికి రిబ్ ప్రొటెక్టర్ అని ఉంటుంది, ఎవరైనా ముందే వేయించాలి. ఇంట్లో దాచాల్సి వచ్చింది కాబట్టి వేసుకోలేదు, నొప్పి అని చెప్పుకోనూ లేదు. హెల్మెట్ పిల్లల కోసం చేసిన తేలిక రకమేనా, ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ), హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ కలిసి పిల్లల హెల్మెట్లకి ఇచ్చే సీఎంఆర్ గుర్తు ఉందా చూడండి. పెద్దవాళ్ళ హెల్మెట్ బరువు ఆ మెడకి మంచిది కాదు. జడ మొత్తం సూట్ లోపలికి పోవాలి, ఒక్క పాయ కూడా బయట ఉండకూడదు. వెనక ఇరుసు తిరుగుతూ ఉంటుంది. ఈ మాట మాత్రం వాయిదా వెయ్యకండి.

కానీ అబద్ధానికి శిక్షగా కార్ట్ ఆపించకండి. అవి రెండు వేరు వేరు లెక్కలు. అబద్ధం గురించి పెద్దవాళ్ళు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి, పాప లేకుండా. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు దాచమంటే దాచిన పిల్ల అది.

ఇంటి పెద్దలు అడ్డుపడితే ఏమవుతుందో రేసింగ్ చరిత్రలో కావలసినన్ని ఉదాహరణలున్నాయి. ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడాది వియన్నాలో పేరున్న వ్యాపార కుటుంబం. ఒక బ్యాంక్ స్పాన్సర్‌షిప్ ఇవ్వబోతుంటే తాతగారు తన పలుకుబడితో ఆపించారు. మనవడు ఇంకో బ్యాంక్‌కి వెళ్ళి, జీవిత బీమా హామీగా పెట్టి అప్పు తెచ్చుకుని రేసింగ్ జట్టులో సీటు కొనుక్కున్నాడు. 1975, 1977, 1984లలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో మంటల్లో చావు దాకా వెళ్ళొచ్చాడు కూడా. ఇంకో ఫార్ములా వన్ డ్రైవర్, బ్రెజిల్‌కి చెందిన ఐర్టన్ సెన్నాకి నాలుగేళ్ళప్పుడు గడ్డి కోసే మెషీన్ ఇంజిన్‌తో మొదటి కార్ట్ చేసిపెట్టింది తండ్రే. అదే తండ్రి తర్వాత ఇంటి వ్యాపారం చూసుకోమన్నాడు. 1981లో ఇంగ్లండ్‌లో గెలుస్తూ గెలుస్తూ సెన్నా రేసింగ్ మానేస్తున్నానని చెప్పి బ్రెజిల్ వెళ్ళిపోయాడు. మనసు నిలవక 1982లో మళ్ళీ వచ్చాడు.

నాకు మాత్రం మీ సందర్భానికి వీళ్ళిద్దరి కన్నా మిషెల్ మూటన్ కథే దగ్గరగా అనిపిస్తుంది. ఫ్రాన్స్ అమ్మాయి. ర్యాలీల్లో (ట్రాక్ మీద కాకుండా మామూలు రోడ్ల మీద జరిగే కారు పోటీల్లో) పక్క సీట్లో కూర్చుని దారి చదివి చెప్పేది. వాళ్ళ నాన్న ఒక మాట అన్నాడు: నడపాలనుంటే కారు నేను కొనిస్తా, ఒక్క ఏడాది ఖర్చు పెట్టుకుంటా, ఆ ఏడాదిలో నువ్వేమిటో చూపించు అని. గడువు పెట్టాడు, గడువు లోపల మనస్ఫూర్తిగా వెనక నిలబడ్డాడు. ఆమె 1981లో సాన్‌రెమోలో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ రౌండ్ గెలిచిన మొదటి మహిళ అయింది, 1982లో ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. ఆ ఏడాది ఐవరీ కోస్ట్ ర్యాలీ మొదలయ్యే సమయంలోనే ఆ తండ్రి చనిపోయాడు. అయినా ఆమె ఆ ర్యాలీ నడిపింది.

మీ బావమరిది ఫార్ములా వన్ డ్రైవర్లు హామిల్టన్ పేరు, ఒకాన్ పేరు ఎత్తుతాడు, ఎత్తకుండా ఉండడు. నిజమే, హామిల్టన్ తండ్రి ఒకేసారి రెండు మూడు ఉద్యోగాలు చేశాడు. ఎస్టెబాన్ ఒకాన్ తల్లిదండ్రులు ఇల్లు అమ్ముకుని కారవాన్‌లో బతికారు, ఆ కొడుకు 2021లో హంగరీలో గెలిచాడు. కానీ ఇల్లు అమ్ముకుని ఎక్కడికీ చేరని కుటుంబాల గురించి ఎవరూ రాయరు. వాళ్ళు నాకు తెలుసు. ఒక తండ్రి ఉన్నదంతా పెట్టాడు. కొడుకుకి పదిహేనేళ్ళు వచ్చేసరికి రేసు ముందు రోజు వాంతులు, నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఒకసారి కార్ట్ దగ్గర ఒంటరిగా దొరికితే "నేను ఓడిపోతే మా చెల్లి ఫీజు కట్టలేరు సార్" అన్నాడు. ఆ అబ్బాయికి టాలెంట్ ఉంది. ఆ బరువు మోస్తూ ఎవరూ వేగంగా నడపలేరు.

అందుకే మూడు నెలల తర్వాత మీ కళ్ళకీ, ఆ రెండో కోచ్ కళ్ళకీ ఏదైనా కనిపిస్తే ఒక ఏడాది ఒప్పందం కాగితం మీద రాసుకోండి. ఏడాదికి ఎంత ఖర్చు పెట్టగలరో అందులో ఉండాలి, అది పోయినా ఇల్లు కదలకుండా ఉండే మొత్తం అయ్యుండాలి. కార్ట్ కొనడం చిన్న ఖర్చు. టైర్లు, ఇంజిన్ విప్పి బిగించడం, ప్రయాణాలు ఏడాది పొడుగునా పిండేస్తాయి. పాత కార్ట్, అద్దె ఇంజిన్ చాలు. చదువు విషయంలో మీ షరతు ఏదైనా ఉంటే అదీ రాయండి. ఏడాది చివర్లో ఎవరు, ఏం చూసి నిర్ణయిస్తారో రాయండి. మానేస్తానని ఎప్పుడైనా చెప్పే హక్కు తనకి ఉందని కూడా రాసి, ఆ వాక్యం తనకి చదివి వినిపించండి.

13 ఏళ్ళు ఆలస్యం కాదా అన్నారు. ఫార్ములా వన్ వైపు చూసే పిల్లలు చాలామంది ఆరు నుంచి ఎనిమిదేళ్ళ లోపే మొదలుపెడతారు, కాబట్టి ఆ దారిలో ఆలస్యమే. అక్కడ నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్స్‌కి సాధారణంగా 18 ఏళ్ళు నిండాలి, కింది స్థాయి పోటీల్లో 40 పాయింట్లు సంపాదించాలి. కానీ రేసింగ్ అంటే అదొక్కటే కాదు. మామూలు కార్లని రేసుకి మార్చి నడిపే టూరింగ్ కార్ల పోటీలు, ర్యాలీలు, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసులు ఉన్నాయి. జాన్ మార్డెన్‌బరో వీడియో గేమ్ పోటీ గెలిచి 2011లో రేసింగ్‌లోకి వచ్చాడు, 2013లో ఫ్రాన్స్‌లో జరిగే ల మాన్స్ 24 గంటల రేసులో తన క్లాస్‌లో మూడో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు. తను డ్రైవర్ కాకపోయినా, "బ్రేక్ ముందే వదిలితే తిరుగుతోంది" అని చెప్పగల పిల్ల రేస్ ఇంజినీర్ అవుతుంది. పైన చెప్పిన పదిహేనేళ్ళ అబ్బాయి ఇప్పుడు చేస్తున్నది ఆ పనే, నిద్ర బాగానే పడుతోందట.

"మగపిల్లాడైతే ఇంత ఆలోచించేవాణ్ణి కాదేమో" అని నిజాయితీగా రాశారు. కార్ట్‌కి ఆ తేడా తెలియదు. ఎదిగేకొద్దీ బరువైన కార్లలో మెడ, భుజాల బలం పెంచుకోవాలి, దానికి శిక్షణ ఉంది. దారి మాత్రం ఇప్పటికీ ఇరుకే. ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్‌లో పాయింట్ల ఖాతా తెరిచిన మహిళ ఇప్పటివరకు ఒక్క లెల్లా లొంబార్డీయే, అదీ 1975లో అర పాయింట్. అయితే 2023లో అమ్మాయిల కోసమే ఎఫ్1 అకాడమీ సిరీస్ మొదలైంది. 2020లో ఎఫ్ఐఏ మొదలుపెట్టిన అమ్మాయి డ్రైవర్ల ఎంపికలో గెలిచిన మాయా వేగ్ ఫెరారీ డ్రైవర్ అకాడమీలోకి వెళ్ళింది. మీ అమ్మాయికి ఇవాళ ఉన్న తలుపులు పదేళ్ళ కింద లేవు.

ఈ శనివారం మీరే తీసుకెళ్ళండి. దారిలో రేసింగ్ గురించి ఏమీ అడగకండి. బావమరిదిని కూడా రమ్మనండి, కానీ మలుపు దగ్గర ఆయన పక్కన నిలబడకండి. ఆయన కామెంటరీ మొదలుపెడితే మీకు ఇంజిన్ వినబడదు. మొదటి రెండు ల్యాప్‌ల టైమ్‌లు, చివరి పది ల్యాప్‌ల టైమ్‌లు, ఏ నంబర్ కార్ట్, దిగాక తను అన్న మొదటి వాక్యం, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.